గుడి ట్రస్ట్ బోర్డులో మా నాన్నని మెంబరుగా వెయ్యమంటున్నారు, జీతం ఉంటదా, ఎన్నాళ్ళు, ఏటి చూసుకోవాలి?

వంశధార కుర్రోడు:

నమస్తే అందరికీ. మాది నరసన్నపేట దగ్గర ఒక చిన్న ఊరు, పేరు రాయట్లేదు, ఊరందరికీ తెలిసిపోద్ది. మా ఊర్లో రామాలయం ఉంది, ఎండోమెంట్స్ (దేవాదాయ శాఖ) వాళ్ళ కిందే ఉంది, బోర్డు కూడా పెట్టారు గుడి ముందు. భూమి ఉంది గుడికి, ఎంతో కరెక్టుగా తెలీదు గానీ ఏడెనిమిది ఎకరాలు ఉంటదనీసి పెద్దోళ్ళు అంటారు. మొన్న మా ఊరి లీడరు ఒకాయన ఇంటికొచ్చి మా నాన్నతో, ట్రస్ట్ బోర్డు వేస్తన్నారు, నీ పేరు పెడతాం, నువ్వు ఏమీ చెయ్యక్కర్లేదు, ఆధార్ జిరాక్సు ఇచ్చి సంతకం పెడితే చాలు అని చెప్పీసి వెళ్ళాడు. మా నాన్న చాలా సంతోషపడ్డాడు, ఎందుకంటే మా తాత ఆ గుడి గోడలకి సున్నం కొట్టినోడు, చిన్నప్పట్నుంచి గుడి మాటంటే నాన్నకి ప్రాణం. నాకే అనుమానం. ఏమీ చెయ్యక్కర్లేదంటే అసలు ఎందుకు వెయ్యడం?

అడిగేది ఏటంటే, ఈ మెంబర్లకి జీతం గానీ గౌరవ వేతనం గానీ ఉంటదా, ఎన్నేళ్ళు ఉంటారు, ఎవరు అపాయింట్ చేస్తారు, రేపు ఏదైనా తేడా వస్తే మా నాన్న మీదకి వస్తదా. నేను విశాఖలో పని చేస్తన్నాను, నెలకోసారి ఊరికి వెళ్తాను, అందుకే ఇక్కడ అడుగుతున్నాను. తెలిసినోళ్ళు చెప్పండి ప్లీజ్.

నాగావళి ఒడ్డు:

జీతం లేదు తమ్ముడూ, ఒక్క రూపాయి లేదు. రెండేళ్ళు ఉంటారు. మా మావ ఒక టర్మ్ చేశాడు మా ఊర్లో, ఆయన చేతి డబ్బులే పోయినాయి. ప్రమాణ స్వీకారం రోజు పూలదండలు, ఫోటోలు, పేపర్లో పేరు, అంతే, తర్వాత ఉత్సవం వచ్చిందంటే పందిరి దగ్గర్నుంచి అన్నం దాకా మెంబర్లు తలో చెయ్యి వెయ్యాలి. నాన్నగారికి ఇష్టమైతే చెయ్యనీ, పుణ్యం.

పాత దేవాదాయం మనిషి:

బాబూ, నేను ఎండోమెంట్స్‌లో ముప్పై ఏళ్ళు పైగా పని చేసి రిటైరయ్యాను, ఎక్కువ కాలం శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోనే. కొంచెం పెద్దగా రాస్తాను, ఓపిగ్గా చదువు.

మన గుళ్ళన్నీ 1987 చట్టం కింద నడుస్తాయి, 30వ నంబరు చట్టం. ఎన్టీ రామారావుగారు ఉన్నప్పుడు జస్టిస్ చల్లా కొండయ్య కమిషన్ వేస్తే, ఆ రిపోర్టు మీద వచ్చింది ఇది, అంతకుముందు 1966 చట్టం ఉండేది. ఇందులో 6వ సెక్షను గుళ్ళని ఆదాయాన్ని బట్టి మూడు రకాలు చేసింది. ఏడాదికి 25 లక్షలు దాటితే 6ఏ, 2 లక్షల నుంచి 25 లక్షల దాకా 6బీ, అంతకన్నా తక్కువైతే 6సీ. అరసవల్లి లాంటిది 6ఏ, మీ ఊరి రామాలయం 6సీలోనే ఉండొచ్చు. బోర్డుని ఎవరు వేస్తారన్నది కూడా దీన్ని బట్టే, పెద్ద గుళ్ళకి ప్రభుత్వం నుంచి జీఓ వస్తది, చిన్న గుళ్ళకి జిల్లాలో ఉండే అసిస్టెంట్ కమిషనర్ ఆర్డరు ఇస్తారు. అంతేగానీ ఊరి లీడరు వెయ్యడు, ఆయన సిఫార్సు చేస్తాడంతే. ముందు నోటిఫికేషన్ ఇవ్వాలి, దరఖాస్తులు పిలవాలి, ఇనస్పెక్టరు విచారించి రిపోర్టు పెట్టాలి, అప్పుడు ఆర్డరు. కాబట్టి మీ నాన్నగారు సంతకం పెట్టేది దరఖాస్తు మీదా లేక ఇంకేదైనా కాగితం మీదా అన్నది ముందు చూడు. తెల్ల కాగితం అయితే అస్సలు పెట్టొద్దు.

టర్మ్ రెండేళ్ళు, అది నిజమే. ఛైర్మన్‌ని పైనుంచి వెయ్యరు, మొదటి మీటింగులో మెంబర్లు వాళ్ళలో వాళ్ళే ఎన్నుకోవాలని చట్టం, కానీ ఎవరిని ఎన్నుకోవాలో ముందే ఫోను వస్తది చాలా చోట్ల, అది నేను కళ్ళారా చూశాను, చూసి బాధపడ్డాను కూడా. ప్రభుత్వం మారితే పాత బోర్డులు మధ్యలో ఆగిపోవడం మన రాష్ట్రంలో మామూలైపోయింది, కాబట్టి రెండేళ్ళూ ఉంటారని గ్యారంటీ లేదు. జీతం లేదు. అది ఉద్యోగం కాదు, ధర్మకర్త అని పాత పేరు, ఆ పేరులోనే ఉంది పని ఏటో.

ఇప్పుడు అసలు సంగతి. 19వ సెక్షనులో ఎవరు ధర్మకర్తగా ఉండకూడదో రాశారు. హిందువు కానివాళ్ళు, ఆ గుడిలో జీతం తీసుకునే వాళ్ళు, గుడికి బాకీ ఉన్నవాళ్ళు, గుడి కేసుల్లో వకీళ్ళు, నైతిక తప్పిదం కింద శిక్ష పడినవాళ్ళు, తాగుడికి అలవాటు పడ్డవాళ్ళు. వీటన్నిటికన్నా పల్లెటూళ్ళో ఎక్కువ తగిలేది ఇంకొకటి ఉంది, గుడి భూమి కౌలుకి చేస్తున్నవాళ్ళు, గుడి కాంట్రాక్టులు చేస్తున్నవాళ్ళు ఉండకూడదు. నేరుగా గానీ చాటుగా గానీ లాభం ఉండకూడదు అని ఉంటది అక్కడ. మీ నాన్నగారు గుడి భూమి ఏమైనా చేస్తన్నారా? ఇది చెప్పు ముందు.

బొబ్బిలి కోడలు:

పెద్దాయన చెప్పింది అక్షరాలా నిజం. నేను రెండేళ్ళు మెంబరుగా చేశాను మా అత్తగారి ఊరి గుడికి, 6సీనే. నామినేటెడ్ పదవుల్లో సగం ఆడోళ్ళకి ఇవ్వాలని 2019లో చట్టం తెచ్చారు కదా, అప్పట్నుంచే మా బోటోళ్ళకి పేర్లు వచ్చాయి. మొదటి మీటింగుకి వెళ్తే మా ఆయన్ని పిలిచి కుర్చీ వేశారు, నన్ను సంతకం పెట్టమన్నారు. నేను నిలబడే రిజిస్టరు మొత్తం చదివాను, పావుగంట పట్టింది, అందరూ విసుక్కున్నారు, అయినా చదివాను. అందులో హుండీ విప్పిన రోజు ఒకటి, బ్యాంకులో వేసిన రోజు ఇంకొకటి, మధ్యలో పదకొండు రోజులు తేడా. ఆ పదకొండు రోజులు డబ్బు ఎవరింట్లో ఉందని అడిగాను. ఎవరూ మాట్లాడలేదు. తర్వాత నుంచి హుండీ విప్పిన సాయంత్రమే బ్యాంకు రసీదు గుడి గోడకి అంటించాలని తీర్మానం రాయించాను, రెండేళ్ళూ అలాగే జరిగింది. ఇది నేను చేసిన ఒకే ఒక్క పని అనుకున్నా పర్లేదు, నాకు తృప్తిగా ఉంది.

జీతం విషయం అయితే నేను వేరేగా అంటాను. సర్పంచికి నెలకి 3000 గౌరవ వేతనం ఉంది, ఎంపీటీసీకి ఉంది. ధర్మకర్తకి ఏమీ లేదు. డబ్బున్నోళ్ళకి పర్లేదు, కూలికెళ్ళే ఆడమనిషి మీటింగు రోజు కూలి పోగొట్టుకోవాలి, ఏసీ (అసిస్టెంట్ కమిషనర్) ఆఫీసుకి పిలిస్తే బస్సు డబ్బులు పెట్టుకోవాలి. మా బోర్డులో ఒకామె ఉండేది, మూడో మీటింగు నుంచి రావడం మానీసింది, అడిగితే వరి ఊడ్పులు అమ్మా ఏటి చెయ్యమంటావు అంది. రిజర్వేషన్ ఇచ్చి, రావడానికి దారి ఖర్చులు ఇవ్వకపోతే చివరికి సంతకం ఆమెది, మాట ఇంకొకరిది అవుతాది.

నాగావళి ఒడ్డు:

అక్కా, మీ బాధ అర్థమైంది గానీ జీతం పెడితే ఈ పదవుల కోసం కొట్టుకు చస్తారు. ఇప్పుడే ఏమీ లేకపోయినా ఇంత పోటీ. పైగా 6సీ గుడి ఆదాయం ఎంత, దీపం నూనెకే చాలదు. ధూప దీప నైవేద్యం స్కీము కింద నెలకి ఇచ్చేది 5000 నుంచి 10000 చేస్తామని 2024లో చెప్పారు, అది వచ్చాకే చాలా చిన్న గుళ్ళకి ఊపిరి వచ్చింది. అలాంటి గుడి డబ్బుల్లోంచి మెంబర్లకి ఇవ్వాలంటే స్వామికి ఏం మిగుల్తాది.

బొబ్బిలి కోడలు:

గుడి డబ్బుల్లోంచి ఇవ్వమని నేను అనలేదు తమ్ముడూ. జీతం వద్దు, మీటింగు రోజు కూలి నష్టం, బస్సు ఛార్జీ, అదీ శాఖ నుంచి. అంతే అడిగాను.

వంశధార కుర్రోడు:

పెద్దాయనా, మీరు అడిగింది చదవగానే గుండె ఝల్లుమంది. అవునండీ, మా నాన్న గుడి భూమి 70 సెంట్లు చేస్తన్నాడు. మా తాత టైము నుంచి చేస్తన్నారు, వరి. ఏడాదికి ఇన్ని బస్తాలని ఇస్తారు, రసీదు కొన్నేళ్ళు ఇచ్చారు కొన్నేళ్ళు ఇవ్వలేదు. మాకు సొంత భూమి అర ఎకరం కూడా లేదు. ఇది లీడరుకి కూడా తెలుసు, ఊరందరికీ తెలుసు. మరి తెలిసీ ఎందుకు పేరు పెడతామన్నాడో అర్థం కాలేదు. పోనీ నాన్న బదులు మా అమ్మ పేరు పెడితే సరిపోద్దా?

ఇంకోటి కూడా చెప్తాను. గుడి భూమిలో రోడ్డు పక్కన రెండు ఎకరాలు ముక్క ఉంది, అక్కడికి దగ్గర్లోనే ఒక లేఅవుట్ వేశారు, ఆ లేఅవుట్‌కి దారి లేదు. దారి కావాలంటే గుడి ముక్కలోంచే రావాలి. ఇది నాకు నిన్న మా చిన్నాన్న ఫోన్లో చెప్పాడు.

పాత దేవాదాయం మనిషి:

అనుకున్నాను బాబూ. సరే విను.

మొదటిది, మీ నాన్నగారు కౌలుదారు కాబట్టి ధర్మకర్తగా ఉండటానికి అర్హత లేదు. దరఖాస్తులో ఆ మాట దాచి పెడితే, ఆ తర్వాత ఎవడో ఒకడు అర్జీ పెట్టి పీకించేస్తాడు, పరువు పోద్ది. అమ్మగారి పేరు కూడా వద్దు. చాటుగా లాభం ఉండకూడదన్న మాట అందుకే పెట్టారు, ఒకే ఇంట్లో ఒకరు భూమి చేసి ఇంకొకరు ఆ కౌలు ఎంతో నిర్ణయిస్తే ఎలా ఉంటాది, నువ్వే ఆలోచించు.

రెండోది, ఆ 70 సెంట్లు జాగ్రత్త. 82వ సెక్షను ఉంది, చట్టం వచ్చినప్పుడు గుడి భూముల పాత కౌళ్ళు రద్దు చేశారు, కానీ భూమి లేని పేదోళ్ళని కాపాడారు. రెండున్నర ఎకరాల మాగాణి గానీ ఐదు ఎకరాల మెట్ట గానీ, సొంతమూ కౌలూ కలిపి అంతకి మించకపోతే ఆ లెక్కలోకి వస్తారు, ఆదాయం షరతు కూడా చూస్తారు. మీరు వస్తారనే అనుకుంటున్నాను. కానీ దానికి కౌలు కట్టిన రుజువు ఉండాలి. రసీదు ఇవ్వలేదంటున్నావు చూడు, అక్కడ ఉంది ప్రమాదం. కౌలు బాకీ అని ఒక కాగితం రాసేస్తే మీ నాన్నగారు ఏం చూపిస్తారు? పాత రసీదులు ఎన్ని ఉంటే అన్నీ వెతికి ఫోటోలు తీసి నీ ఫోన్లో పెట్టుకో. ఈ ఏడాది నుంచి రసీదు లేనిదే గింజ ఇవ్వొద్దని చెప్పు. ఇచ్చే బస్తాలకి డబ్బు లెక్క కట్టి గుడి అకౌంటులో వేసేటట్టు అడగండి, బ్యాంకు కాగితమే సాక్ష్యం అవుతాది.

మూడోది ఆ దారి సంగతి. గుడి భూమి అమ్మాలన్నా, మార్చుకోవాలన్నా కమిషనర్ ముందస్తు అనుమతి లేకుండా చెల్లదు, 80వ సెక్షను, అమ్మితే బహిరంగ వేలంలోనే. గుడి భూములు రిజిస్ట్రేషన్ ఆఫీసులో 22ఏ నిషేధిత జాబితాలో ఉండాలి. మీ ఊరి గుడి సర్వే నంబర్లు అందులో ఉన్నాయో లేదో ఎవరైనా చూసుకోవచ్చు, చూడు. ఉంటే రిజిస్ట్రేషన్ అవ్వదు. కానీ దారి వదలడానికి అభ్యంతరం లేదని బోర్డు ఒక తీర్మానం రాసి ఇచ్చిందనుకో, ఆ కాగితం పట్టుకుని ఏళ్ళ తరబడి తిరుగుతారు, ఈలోపు అక్కడ మట్టి పోసేస్తారు, మట్టి పోసిన దారిని మళ్ళీ పొలం చెయ్యడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఆ తీర్మానం కింద సంతకం చదవకుండా పెట్టే మనిషి కావాలి వాళ్ళకి. కౌలు పోతుందేమోనన్న భయం ఉన్న మనిషైతే ఇంకా మంచిది వాళ్ళకి, ఎందుకంటే ఎదురు చెప్పడు. మీ లీడరు మనసులో ఏముందో నాకు తెలీదు, తెలీకుండా మనిషిని అనకూడదు, కానీ నేను సర్వీసులో ఇలాంటివి చూశాను కాబట్టి చెప్తున్నాను.

కోట జంక్షన్ నుంచి:

మాది విజయనగరం టౌను. ఈ కౌలు గొడవలో నాకు అనుభవం లేదు గానీ, బోర్డుల్ని పైనుంచి వెయ్యడం, తియ్యడం మీద మా ఊరోళ్ళకి చాలా తెలుసు, ఎందుకంటే మాన్సాస్ గొడవ మా కళ్ళ ముందే జరిగింది. 1958లో విజయనగరం రాజకుటుంబం పీవీజీ రాజుగారు పెట్టిన ట్రస్టు అది, మా నాన్న ఆ ట్రస్టు కాలేజీలోనే చదివాడు. 2020 మార్చిలో ఆయన కొడుకు అశోక్ గజపతిరాజుగారిని ఛైర్మన్‌గా తీసేసి మనవరాలు సంచయిత గారిని వేస్తూ జీఓలు ఇచ్చారు, సింహాచలం గుడి బోర్డుకి కూడా అంతే. 2021 జూన్‌లో హైకోర్టు ఆ జీఓలు కొట్టేసింది. ఎవరు మంచోళ్ళన్నది నేను మాట్లాడను, ఇంట్లో ఒక్కొక్కరిదీ ఒక్కో మాట. కానీ ఏడాది పైగా ఆ గొడవ నడిచింది, ఆ ఏడాది మేము గుడికెళ్తే దేవుడి గురించి కాకుండా జీఓ నంబర్ల గురించి మాట్లాడుకున్నాం, అది నన్ను బాగా బాధపెట్టింది.

ఇందులో మీ ఊరికి పనికొచ్చే ముక్క ఒకటుంది. మీ రామాలయం ఎవరు కట్టించారు? కట్టించినోళ్ళ కుటుంబం ఉందా? 1987 చట్టం వంశపారంపర్య ధర్మకర్త హక్కుని తీసేసింది, దాని మీద సుప్రీంకోర్టు 1996లో పన్నాలాల్ బన్సీలాల్ పిట్టి కేసులో చట్టం సరైనదేనని చెప్తూనే, కట్టించినోళ్ళ కుటుంబంలో ఒకరికి బోర్డులో అగ్రస్థానం ఉండాలని చెప్పింది. అలాంటి కుటుంబం ఉంటే వాళ్ళని ముందుకి రమ్మనండి. బయటోళ్ళు బోర్డుని మొత్తం ఊడ్చి పట్టుకెళ్ళలేరు అప్పుడు.

పాత దేవాదాయం మనిషి:

ఈయన చెప్పింది సరైనదే. కానీ కుటుంబం అని నోటితో అంటే చాలదు, 43 రిజిస్టరులో కట్టించినవాళ్ళ పేరు ఉండాలి, లేకపోతే ఎండోమెంట్స్ ట్రిబ్యునల్‌కి వెళ్ళి తేల్చుకోవాలి, అది రోజుల్లో తేలేది కాదు. ముందు ఆ 43 రిజిస్టరు కాపీ తెచ్చుకో బాబూ. అందులో భూమి ఎంత, ఏ సర్వే నంబరు, నగలు ఏమున్నాయి, ఎవరు కట్టించారు, అన్నీ ఉంటాయి. ఏసీ ఆఫీసులో సమాచార హక్కు కింద 10 రూపాయలు కట్టి అడిగితే 30 రోజుల్లో ఇవ్వాలి. ఏడెనిమిది ఎకరాలు ఉంటదని పెద్దోళ్ళు అంటారు అన్నావు, ఆ ఏడో ఎనిమిదో తేలకపోతే ఎకరం పోయినా ఎవరికీ తెలీదు.

బొబ్బిలి కోడలు:

ఒక చిన్న మాట. రిజిస్టరు కాపీ వచ్చాక దాన్ని శ్రీరామనవమి రోజు అందరూ ఉన్నప్పుడు గుడి దగ్గర గట్టిగా చదివించండి. మా ఊర్లో అలాగే చేశాం. ఒక ముసలాయన లేచి, ఆ తోట బంద ముక్క గుడిదా, మేము ఇన్నాళ్ళూ పోరంబోకు అనుకున్నాం అన్నాడు.

ఇచ్ఛాపురం రోడ్డు:

నాది వేరే ప్రశ్న, ఇక్కడే అడుగుతాను. 2025 నవంబరు 1న కాశీబుగ్గ వెంకటేశ్వరస్వామి గుడిలో తొక్కిసలాట జరిగి 9 మంది పోయారు, మాకు దగ్గరే, ఆ రోజు మా వీధి వాళ్ళు కూడా వెళ్ళారు. ఆ గుడి ఎండోమెంట్స్ కింద లేదు, ప్రైవేటుది అన్నారు. మా ఊర్లో కూడా ఊరోళ్ళే కట్టుకున్న గుడి ఉంది, ఏకాదశికి జనం బాగా వస్తారు. మేము రిజిస్టరు చేయించుకోవాలా? చేయిస్తే ఇలాగే బయటోళ్ళు వచ్చి బోర్డు వేసేస్తారని కొందరు భయపడుతున్నారు.

పాత దేవాదాయం మనిషి:

భయం ఉండొచ్చు గానీ చేయించుకోండి. జనం అందరూ వచ్చి మొక్కి హుండీ వేసే గుడి అయితే చట్టం ప్రకారం నమోదు చెయ్యాల్సిందే. కట్టించినవాళ్ళు ఎవరన్నది ఆ దరఖాస్తులోనే స్పష్టంగా రాయండి, అదే రేపు మీకు రక్ష. రద్దీ సంగతి మాత్రం రిజిస్ట్రేషన్ కోసం ఆగొద్దు, పండగకి ముందే పోలీసు స్టేషన్‌కి, తహశీల్దారుకి రాతపూర్వకంగా చెప్పండి. లోపలికి ఒక దారి, బయటకి ఒక దారి. ఇది బోర్డు ఉన్నా లేకపోయినా చెయ్యాలి.

వంశధార కుర్రోడు:

ఆదివారం ఊరెళ్ళాను. ఇక్కడ మీరు రాసినవన్నీ నాన్నకి చదివి వినిపించాను, రెండుసార్లు చదివించుకున్నాడు. మొదట ఒప్పుకోలేదు, స్వామి పని వద్దనకూడదురా అన్నాడు. కౌలు చేసినోళ్ళు ఉండకూడదన్న ముక్క దగ్గర ఆగిపోయాడు. కొంచెంసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ తర్వాత లోపలికెళ్ళి రేకు పెట్టె తెచ్చాడు, అందులో మా తాత టైము రసీదులు కూడా ఉన్నాయి, చెదలు పట్టి అంచులు పోయినాయి గానీ సంతకాలు కనబడుతున్నాయి. అన్నీ కలిపి ఇరవై మూడు దొరికాయి. ఫోటోలు తీశాను.

లీడరు దగ్గరకి నాన్నే వెళ్ళి చెప్పాడు, నేను గుడి భూమి చేస్తన్నాను బాబూ, చట్టం ఒప్పుకోదంట, వేరేవాళ్ళని చూసుకోండి అని. ఆయన ఏమీ అనలేదంట, సరే అన్నాడంట. 22ఏ లిస్టులో మూడు సర్వే నంబర్లు కనబడ్డాయి, రోడ్డు పక్క ముక్క అందులో ఉందో లేదో తేలాలంటే 43 రిజిస్టరు కావాలి. సమాచార హక్కు దరఖాస్తు సోమవారం శ్రీకాకుళంలో ఇచ్చి స్టాంపు వేయించుకున్నాను. కట్టించినోళ్ళ కుటుంబం అంటే, వాళ్ళ మనవడు ఒకాయన పర్లాకిమిడిలో ఉంటాడని మా చిన్నాన్న చెప్పాడు, నంబరు కోసం అడుగుతున్నాం. రిజిస్టరు వచ్చాక మళ్ళీ రాస్తాను.